పిట్టగోడ దగ్గరి మాటలు

“అభ్యంతరం పెట్టింది నా కోసం కాదు మేడమ్. మా చెల్లెమ్మ కోసం,” అంటూ టైమ్‌టేబుల్ గారు అత్తగారి వైపు చెయ్యి చూపించాడు.

టీ ట్రే పట్టుకుని వస్తున్న అత్తగారు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

హాల్లో కొడుకు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించే పళ్ళ డాక్టరుకి, అవసరం వచ్చినప్పుడు తన నోరు పెగల్లేదు. కోడలు మాత్రం అత్తగారి మొహంలోకి సూటిగా చూసింది. కోపంగా చూసినా బాగుండేది. కొత్తవాళ్ళని చూసినట్టు చూసింది.

టైమ్‌టేబుల్ గారు అంటే పక్కింటాయన. రైళ్ళ వేళలు తయారుచేసే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు కాబట్టి వీధి వీధంతా ఆయనకి ఆ పేరే ఖాయం చేసింది. చెరువు ఒడ్డున ఇళ్ళు తప్ప మరేమీ ఉండకూడని చోట ఈ ఇంటి కోడలు పిల్లలకి పడవ పందేలు నేర్పే క్లబ్బు నడుపుతోందని ప్లానింగ్ ఆఫీసుకి అర్జీ పెట్టింది ఆయనే. అప్పట్నుంచీ ఆయన కనిపిస్తే చాలు, కొడుకు వీధి అవతలి పక్కకి మారిపోయేవాడు. ఇవాళ ఆఫీసరమ్మ స్వయంగా ఇల్లు చూసి ఏ సంగతో తేల్చడానికి వచ్చింది. ఆవిడ సరే అంటే క్లబ్బు ఉంటుంది. కాదంటే పెరట్లో పడవలు ఎత్తెయ్యాలి. పడవల వెనకే కోడలు, కోడలి వెనకే కొడుకు. ఎందుకంటే పైఊరి పెద్ద క్లబ్బువాళ్ళు కోడల్ని కోచ్‌గా రమ్మని పిలుస్తున్నారు. ఇక్కడ పర్మిషన్ రాకపోతే వెళ్ళిపోతానని తను ముందే చెప్పేసింది.

“కాస్త వివరంగా చెప్పండి,” అంది ఆఫీసరమ్మ.

“వివరానికేముంది మేడమ్. రోజూ సాయంత్రం పిట్టగోడ దగ్గర నిలబడి ఆవిడ నాతో చెప్పుకునేది ఇదే. తెల్లారకుండా గోల, ఇల్లంతా తడికాళ్ళు, ఈ పిల్లలతో చస్తున్నాను అన్నయ్యగారూ, నా ఇంట్లో నాకు చోటు లేకుండా పోయింది, అని. నాకు తోడబుట్టిన ఆడపిల్ల లేదు. అన్నయ్యగారూ అని పిలిచిన మనిషి కష్టపడుతుంటే చూస్తూ ఊరుకోమంటారా?”

“కానీ క్లబ్బు అనుమతి కోసం పెట్టిన దరఖాస్తు మీద ఆవిడ సంతకం ఉంది. ఇంటి యజమానిగా ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నట్టు.”

“పెట్టించారు. వాడు కాయితం తెచ్చి ముందు పారేశాడు, ఏం చేస్తాను, గీకేశాను అని ఆవిడే అంది.”

అన్న మాట అన్నట్టే ఉంది. అక్షరం పొల్లుపోలేదు.

నిజం చెప్పాలంటే అత్తగారి సణుగుడు వచ్చిపోయే జలుబు లాంటిది కాదు, ఊపిరి లాంటిది. ఎండ కాస్తే ఎండ మీద, వాన కురిస్తే వాన మీద. కట్టుకున్న మనిషి బతికున్నన్నాళ్ళూ ఆయన మీద, పోయాక ముందుగా పోయాడని ఆయన మీదే. ఆవిడ సణుగుతోందంటే ఇంట్లో అన్నీ సవ్యంగా ఉన్నట్టేనని కన్నకొడుక్కి తెలుసు. పిట్టగోడకి అవతల నిలబడ్డ పెద్దమనిషికి ఆ సంగతి ఎవరు చెప్పారు? రైలు ఆరింటికి అంటే ఆరింటికే అని నమ్మి బతికినవాడు.

“అమ్మా, అదంతా ఊరికే అన్నదేనని చెప్పు,” అన్నాడు కొడుకు.

“మీరు చెప్పించకండి డాక్టరుగారూ,” అని ఆఫీసరమ్మ లేచింది. “ఇలాంటి మాట వచ్చాక ఆవిడతో విడిగా మాట్లాడకుండా నేనేమీ తేల్చలేను. ముందు ఒడ్డూ, రేవూ చూసి వస్తాను. ఆ తర్వాత పడవల షెడ్డులో కూర్చుని మాట్లాడదాం. అక్కడికి ఎవరూ రావద్దు.”

ఆవిడ వెనకే, తన మాట ఏ పట్టాలు తప్పించిందో తెలియక, టైమ్‌టేబుల్ గారు కూడా పెరట్లోకి నడిచాడు.

*

వంటింట్లో కోడలు తాగని టీ కప్పులన్నీ సింకులో వంపి కడుగుతోంది. ఒక్కో కప్పు రెండేసి సార్లు.

“అమ్మాయ్, నేను కడుగుతాను, ఇలా ఇయ్యి,” అంది అత్తగారు.

కోడలు ఇంకో కప్పు అందుకుంది.

“ఏమిటమ్మా నువ్వు!” కొడుకు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు కానీ చేతులు ఆగడంలేదు. “ఇన్నాళ్ళూ ఆ మనిషిని నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్నానే. అప్పుడైనా చెప్పకూడదూ?”

“నాకేం తెలుసురా, ఆయన అర్జీ పెడతాడని? గోడ దగ్గర నిలబడి నాలుగు మాటలు అనుకోవడం ఎక్కడ లేదు?”

“నాలుగు మాటలా? ఆయనకి కంఠతా వచ్చేసినన్ని మాటలు.”

“అవున్రా, నాదే తప్పు. అన్నీ నా మీద పెట్టండి. ఈ ఇంట్లో నేను నోరు విప్పితే తప్పు, విప్పకపోతే తప్పు.”

“చూశావా, మళ్ళీ మొదలు.”

కోడలు కుళాయి కట్టేసింది. ఆ చప్పుడు ఆగేసరికి తల్లీకొడుకులు ఇద్దరి నోళ్ళూ వాటంతటవే ఆగాయి.

“ఇల్లు మీది,” అంది అత్తగారితో. గొంతు పెంచలేదు. ఒడ్డున నిలబడి చెరువు మధ్యనున్న పడవకి వినపడేలా అరవగల గొంతు అది. ఇంత చిన్నగా వస్తుందని అత్తగారికి తెలియదు. “ఇష్టం లేదని ఒక్కసారి అంటే సరిపోయేది. పడవలు ఇంకెక్కడైనా పెట్టుకునేదాన్ని. పొద్దున్నే మీరు నవ్వుతూ ఆ పిల్లలకి రొట్టెలు కాల్చి పెడుతుంటే, నేనేమో మా అత్తయ్యకి ఇదంతా ఇష్టమే అనుకున్నాను. వెర్రిదాన్ని.”

“అది కాదే...”

“షెడ్డులో ఆ ఆఫీసరమ్మకి చెప్పేదేదో చెప్పండి. మీకు ఏది నిజమో అదే చెప్పండి. నా కోసం అబద్ధం ఆడొద్దు.”

తడి చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని కోడలు పెరటి మెట్లు దిగి వెళ్ళిపోయింది. కొడుకు రెండడుగులు ఆమె వైపు వేశాడు, రెండడుగులు తల్లి వైపు వేశాడు, చివరికి ఎటూ పోకుండా ఫ్రిజ్ తలుపు తీసి నిలబడ్డాడు.

“ఏం కావాలిరా?”

“ఏమో,” అన్నాడు.

అత్తా ఒకింటి కోడలే అని లోకం ఊరికే అనలేదు. ఈ అత్తగారు కోడలిగా ఉన్న రోజుల్లో ఆవిడ వెనక ఏమేమి మాటలు నడిచాయో, అవి మూడో మనిషి నోట విన్నప్పుడు ఎక్కడ గుచ్చుకున్నాయో ఆవిడకింకా గుర్తే. అందుకే కోడలి మాటకి ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. చెంగుతో మొహం తుడుచుకుని షెడ్డు వైపు నడిచింది.

*

ఆ షెడ్డు ఒకప్పుడు కారు షెడ్డు. ఇప్పుడు కారుకి బదులు సన్నటి పొడుగాటి పడవలు బోర్లించి ఒకదానిపైనొకటి అరల మీద ఉన్నాయి. గోడకి తెడ్లు, తాడు మీద లైఫ్ జాకెట్లు, ఒక మూల ఎవరిదో జతలేని మేజోడు. వార్నిష్ వాసన. అత్తగారు ఆ మేజోడు తీసి, నీళ్ళు పిండి, తాడు మీద ఆరేసి అప్పుడు కూర్చుంది.

“ఇక్కడ మీరూ నేనే ఉన్నాం,” అంది ఆఫీసరమ్మ. “ఇష్టం లేకపోతే లేదనండి. మీరన్నారని బయటికి రాదు. కాదనడానికి నాకు వేరే కారణాలు దొరుకుతాయి.”

“ఇష్టమేమిటి తల్లీ, నా ఖర్మ,” అనేసింది అత్తగారు అలవాటు కొద్దీ. అనేశాక నాలిక కరుచుకుంది.

ఆఫీసరమ్మ పెన్ను మూత తీసింది.

“ఆగు, ఆగమ్మా, రాయకు. నా మాట తీరే అంత.”

“పోనీ, మీ తీరులోనే చెప్పండి. ఏమిటి మీ ఇబ్బంది?”

అడిగితే చెప్పకుండా ఉండడం అత్తగారి జాతకంలో లేదు.

“ఇబ్బంది ఒకటా? పొద్దున్నే ఆ గేటు. ఒక్కళ్ళూ మెల్లిగా వెయ్యరు. ఆ పొడుగుపిల్ల ఒక్కతే వేస్తుంది, పాపం, తక్కినవాళ్ళకీ అదే చెప్తుంది, వింటేగా. తర్వాత కేకలు. పడవ నడిపేవాళ్ళంతా వెనక్కి తిరిగి కూర్చుంటారు కదమ్మా, ముందేముందో వాళ్ళకి కనపడదు. ఎదురుగా కూర్చున్న చిన్నపిల్ల ఒక్కతే దారి చూసి అరవాలి. పిట్టంత పిల్ల, ఎంత గొంతనుకున్నావు! అరిచి అరిచి బొంగురుపోతే వేణ్ణీళ్ళలో ఉప్పేసి పుక్కిలించమని వెంటపడి చెప్పాలి. వింటుందా? నేనే కలిపి ఇవ్వాలి.”

“ఇంకా?”

“నీళ్ళలోంచి వచ్చిన పిల్లలకి ఆకలి ఎలా ఉంటుందో నీకు తెలుసా? మర మింగినట్టు మింగుతారు. రొట్టె కాల్చలేక నా చేతులు పడిపోతున్నాయి. ఒకడికి జామ్ కావాలి, ఒకడికి జామ్ చూస్తేనే వాంతి. కళ్ళజోడు అబ్బాయికి పాలు పడవు. ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు?”

“రొట్టెలు పెట్టమని మీ కోడలు చెప్పిందా?”

“అదెందుకు చెప్తుంది? వద్దనే అంటుంది. ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకుంటారు, మీరు కష్టపడొద్దు అత్తయ్యా అంటుంది. దానికి పడవల సంగతి తెలుసు గానీ ఆకలి సంగతి ఏం తెలుసు?”

ఆఫీసరమ్మ ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. “వాళ్ళు రాని రోజుల్లో హాయిగా ఉంటుందా మీకు?”

అత్తగారు తాడు మీద ఆరేసిన మేజోడు వైపు చూసింది.

“పోయిన చలికాలం,” అంది చివరికి, “చెరువంతా మంచు కమ్మేసి చాన్నాళ్ళు పడవలు దించలేదు. వీడు ఆస్పత్రికి పోయేవాడు, అది పిల్లల్ని వెంటబెట్టుకుని ఎక్కడో జిమ్ముకి పోయేది. ఇల్లు బోసిపోయింది. ఆ రోజుల్లో నేను పిట్టగోడ దగ్గరికే పోలేదు. పోయి ఏం చెప్పను, చెప్పుకోడానికి ఏం జరిగింది గనక?”

ఆఫీసరమ్మ పెన్ను మూత పెట్టేసింది.

“ఈ క్లబ్బు పోతే నాకు ఏడుపొస్తుంది తల్లీ. అదీ అసలు సంగతి. రాసుకుంటే అది రాసుకో.”

“ఇదే మాట ఇంట్లో అంటే పోయేదిగా?”

“నాకు చాతకాదు,” అంది అత్తగారు. ఈ మాటలో సణుగుడు లేదు.

*

ఇలాంటి చిన్న వ్యవహారాలు అక్కడికక్కడే తేల్చే అధికారం ఆఫీసరమ్మకి ఉంది. హాల్లో అందర్నీ కూర్చోబెట్టి, “యజమాని ఒప్పుకోలు నిజమైనదే. అనుమతి ఇస్తున్నాను,” అంది.

అత్తగారికి గుండెల మీద కుంపటి ఎవరో దించినట్టయింది. కోడలు రెండు చేతుల్లో మొహం దాచుకుని ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. తలెత్తేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. తుడుచుకుని, “షరతులు చెప్పండి మేడమ్,” అంది.

“మైకు పనికిరాదు. చీకటి పడ్డాక పడవలు దించకూడదు. పిల్లల్ని దింపే కార్లు వీధి మొదట్లోనే ఆగాలి.”

“ఆగుతాయి.”

“మైకు లేకపోతే చిన్నపిల్ల కేకలు నేను భరిస్తాను,” అన్నాడు టైమ్‌టేబుల్ గారు. ఆయన మొహం మాత్రం వాడిపోయి ఉంది. “కానీ నా సంగతేమిటి? వీధిలో చెడ్డవాణ్ణి నేనయ్యాను. నేను విన్నదే నమ్మాను. అది నా తప్పా?”

“తప్పు నాది అన్నయ్యగారూ,” అంది అత్తగారు. “ఇకనుంచీ నేనేం చెప్పినా సగం కొట్టెయ్యండి.”

“ఏ సగం?”

ఆ ప్రశ్న ఆయన మనస్ఫూర్తిగానే అడిగాడు. ముందు ఆఫీసరమ్మ నవ్వింది, తర్వాత కొడుకు. ఆనక ఆయనకి కూడా ఆపుకోవడం కుదరలేదు. కొడుకు లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, “బాబాయిగారూ, నన్ను క్షమించాలి. మిమ్మల్ని చాలా అనుకున్నాను,” అన్నాడు. “ఏమనుకున్నావో చెప్పకు బాబూ,” అన్నాడాయన, “నేను నమ్మేస్తాను.”

“ఇంకొక్క షరతు,” అంది ఆఫీసరమ్మ. “కోచ్ పడవల వెంట నీళ్ళ మీద ఉన్నప్పుడు ఒడ్డున పెద్దవాళ్ళెవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ మనిషికి ఈత వచ్చి ఉండాలి. బయటినుంచి జీతానికి మనిషిని పెడితే అది వ్యాపారం కిందికి వస్తుంది, ఇళ్ళ మధ్య ఒప్పుకోను. ఇంట్లో మనిషే అయి ఉండాలి.”

కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్లలు వచ్చే వేళకి అతను పళ్ళు పీకుతూ ఉంటాడు. ఇక ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక బకెట్టు నీళ్ళకి మించి దిగి ఎరగదు.

“నా పేరు రాసుకో,” అంది అత్తగారు.

“అమ్మా, నీకు ఈత రాదు.”

“రాకపోతే నేర్చుకుంటాను. అందరూ కడుపులో నేర్చుకుని వచ్చారా?”

“వానలు పడేలోగా వచ్చి నేనే స్వయంగా చూస్తాను,” అంది ఆఫీసరమ్మ. “అప్పటికి ఈత వస్తే అనుమతి శాశ్వతం. రాకపోతే రద్దు.”

*

సాయంత్రం కబురు తెలిసి పిల్లలు గేటు ధడాలున తోసుకుని వచ్చారు. గేటు విరగ్గొట్టండి, మీ నాన్నల సొమ్మే కదా అని అత్తగారు కేకలేసింది. వాళ్ళు నవ్వుతూ పడవలు భుజానికెత్తుకుని రేవుకి పోయారు. ఆ కేక వేశాక గానీ ఆవిడకి ఒళ్ళు తేలిక పడలేదు. పక్కింటి కిటికీలోంచి చూస్తున్న టైమ్‌టేబుల్ గారు, ఇందులో ఏ సగం కొట్టెయ్యాలా అన్నట్టు తల ఊపాడు.

పిల్లలు వెళ్ళిపోయాక కోడలు వంటింట్లోకి వచ్చింది. పొద్దున్న ఆ మాటలయ్యాక ఇప్పటిదాకా అత్తగారితో ఒక్క మాట లేదు. వచ్చి, గట్టు మీద మిగిలిన రొట్టె ముక్క తుంచుకుని నిలబడే తింది.

“ఒకటి అడుగుతాను,” అంది. “మూడేళ్ళ నుంచీ ఆ మాటలన్నీ గోడవతల ఆయనతో ఎందుకన్నారు? నాతో ఎందుకు అనలేదు?”

అత్తగారు పెనం తోముతోంది. తోమడం ఆపింది.

“నీతో అంటే నువ్వు మానేస్తావని భయం,” అంది.

కోడలు చేతిలో మిగిలిన రొట్టె ముక్క గట్టు మీద పెట్టేసింది.

“గోల గోల అంటానే గానీ, ఆగిపోవాలని కాదు. నువ్వు మొండిదానివే గానీ నా మాట తీసెయ్యవు. మానెయ్యమన్నానని అనుకుని నిజంగా మానేసేదానివి. అందుకని ఆయనతో అన్నాను. ఆయనతో అంటే ఏమీ కాదనుకున్నాను.”

కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. కోడలు వెళ్ళి గట్టిగా తిప్పింది. తిరిగి వస్తూ అత్తగారి చేతిలోంచి పెనం తీసుకుని తనే తోమసాగింది. మాట కలవకపోయినా పక్కపక్కన నిలబడడం వరకూ వచ్చింది. అదే పదివేలనుకుంది అత్తగారు.

“పైఊరివాళ్ళు మధ్యాహ్నం ఫోన్ చేశారు,” అంది కోడలు పెనం మీదనుంచి కళ్ళెత్తకుండా.

“పర్మిషన్ వచ్చిందని చెప్పావుగా?”

“చెప్పాను. అయినా రమ్మంటున్నారు. జీతం పెంచుతారట.”

“నువ్వేమన్నావు?”

“ఆలోచించి చెప్తానన్నాను. ఎప్పటికి చెప్తావని అడిగారు.” పెనం కడిగి బోర్లించింది. “మా ఇంట్లో ఒకరికి ఈత నేర్పాలి, వాళ్ళకి వచ్చిన రోజున చెప్తానన్నాను. నేను మనసు విరిచేసుకుని పోను. అలాగని ఇవాళ జరిగింది ఇవాళే మర్చిపోలేను. నాకు కొంచెం టైము కావాలి.”

అత్తగారి బుర్ర చురుగ్గానే పనిచేస్తుంది, కానీ ఈ లెక్క అందడానికి కాస్త పట్టింది. త్వరగా నేర్చుకుంటే క్లబ్బు నిలుస్తుంది, కానీ ఆ రోజే కోడలి జవాబు వినాలి. నిదానంగా నేర్చుకుంటే కోడలు ఇంట్లోనే ఉంటుంది, కానీ వానలు వచ్చేస్తాయి. ముందుకి పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. వయసొచ్చాక ఇవేం పరీక్షలు అని పైకి అనబోయి, ఇవాళ్టికి చాలనుకుని మింగేసింది.

“ఆ చెప్పే జవాబేదో ఇప్పుడే చెప్పకూడదుటే?”

కోడలు తువ్వాలు మడతపెట్టి ఆవిడ భుజం మీద వేసింది. పొద్దుట్నుంచీ మొదటిసారి, పెదవి చివర నవ్వులాంటిది ఒకటి కనపడింది.

“పొద్దున్నే రేవుకి రండి అత్తయ్యా. ముందు నీళ్ళలో మొహం ముంచడం నేర్చుకోండి. మునిగి ఉన్నంతసేపూ సణగడానికి వీలుండదు, ముందే చెప్తున్నాను.”